ఓడ అడుగున గీకేసిన పేరు

ఇరవై ఏండ్లు దాటింది. ఒక మనిషి పేరును నేను ఉలి పెట్టి గీకేసినాను. కట్టె మీద నుంచి అది పోయింది. నాలో నుంచి పోలేదు. అన్నం ముందు కూర్చున్నా, పెండ్లిలో అక్షింతలు వేస్తున్నా, మనవరాలు పలక మీద అక్షరాలు దిద్దుతుంటే చూస్తున్నా, ఆ పేరే నాకు అడ్డం పడుతుంది. భార్యకు చెప్పలేదు. ఆమె పోయింది. కొడుక్కు చెప్పలేదు. ఎవరికీ చెప్పకుండా మంచివాడినని పేరు తెచ్చుకుని డెబ్బై ఏండ్ల దాకా వచ్చినాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఒక్క మాట మాత్రం ముందే వినండి. నన్ను ఓదార్చొద్దు. "పోనీలే పెద్దాయనా, యాపారమన్నాక అందరూ చేసేదే" అనొద్దు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. అందరూ చెయ్యరు. నేను చేసినాను.

కర్నూల్లో నాకు ఒక అంగడి ఉండేది. పాత ఇండ్లు పడగొట్టేటప్పుడు వచ్చే తలుపులు, ద్వారబంధాలు, స్తంభాలు కొనుక్కొచ్చి, బాగుచేయించి, బెంగళూరు హైదరాబాదు వాళ్లకు అమ్మేవాణ్ని. కడప జిల్లాలోని పల్లెల దాకా తిరిగేవాణ్ని. మాది భూములున్న ఇల్లు. నేను మాటిస్తే మాటే అని ఊర్లో అనేవాళ్లు. ఎందుకనేవాళ్లో ఇప్పుడు ఆలోచిస్తే నాకే అర్థం కాదు. మా నాయన పొలం చూసి అన్నారేమో.

ఆ అంగట్లో పనిచేసేవాడు దేవదానం. మా వడ్రంగి. కోయిలకుంట్ల దగ్గర ఒక పల్లె అతనిది. తాతల కాలం నుంచి చర్చికి పోయే కుటుంబం. కూలిపని, ఒక ఎకరా మెట్ట. ఆ ఎకరాను నమ్ముకోలేక వయసులో విశాఖపట్నం పోయి, ఓడలు మరమ్మతు చేసే చోట కట్టెపనికి చేరినాడు. పదేండ్లు ఉన్నాడు. తల్లికి పక్షవాతం వస్తే తిరిగొచ్చేసినాడు.

అక్కడ అధికారుల భవనంలో గాజుపెట్టెలో ఒక ఓడ బొమ్మ ఉండేదంట. పెద్ద తెరచాపల ఓడలతో యుద్ధాలు చేసే కాలం నాటి ఇంగ్లీషు నౌకకు అచ్చు నమూనా. దాని తెరచాప కొయ్య ఒకటి విరిగితే బాగుచెయ్యమని దేవదానానికి ఇచ్చినారు. నెలరోజులు దాని ముందు కూర్చున్నాడు. ఏ తాడు ఏ కొయ్యకు పోతుందో, ఫిరంగి మూతులు బయటికొచ్చే కిటికీలు ఎన్నో, చుక్కాని ఎట్లా తిరుగుతుందో అంతా చేతికి పట్టుబడిపోయింది. ఒక్క బొమ్మా గీసుకోలేదు. ఊరికొచ్చినాక, జ్ఞాపకం మీద, అదే ఓడను చెయ్యడం మొదలుపెట్టినాడు.

నాలుగేండ్లు చేసినాడు. ఆదివారాలు చర్చి అయినాక, మిగతా రోజుల్లో పొద్దున పనికి బయల్దేరేముందు. కట్టె నా అంగట్లోదే. పురుగు తిన్న పాత టేకు తలుపుల్లో మిగిలిన మంచి ముక్కలు ఏరుకుంటాను అన్నా అని అతను అడిగితే సరే అన్నాను. ఫిరంగులకు ఇత్తడి కావాలంటే విరిగిన గొళ్ళేలు, పనికిరాని గడియలు ఒక సంచి నిండా నేనే ఇచ్చినాను. నా చేతులతో ఇచ్చినాను. తెరచాపలకు గుడ్డ చర్చి పాస్టరు ఇచ్చినాడు, చర్చిలో ప్రభువు రాత్రి భోజనం బల్ల మీద పరిచి పరిచి పలచబడిన తెల్లగుడ్డ. ఊర్లో వాళ్లు నవ్వేవాళ్లంట. వంకలో నీళ్లు పారని ఊర్లో ఓడ చేస్తాండాడు చూడండప్పా అని.

ఒక సోమవారం దాన్ని దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని కర్నూలు తెచ్చినాడు. మంచి గాజుపెట్టె చేయించాలని. నా బల్ల మీద పెట్టి దుప్పటి విప్పినాడు.

దాన్ని మీకు ఎట్లా చెప్పేది? మూరెడు ఎత్తు, అంతకంటే కొంచెం ఎక్కువ పొడవు. మూడు కొయ్యలు. మైనం పట్టించిన నూలుదారం తాళ్లు సాలెగూడు మాదిరి, ఒక్కటి కూడా వదులు లేదు. రెండు వరుసల ఫిరంగులు, ఒక్కొక్కటి అగ్గిపుల్ల కంటే కొంచెం లావు. లంగరు వేలాడుతోంది. నేను పాత సామాను అమ్మేవాణ్ని, వందల ఏండ్ల చెక్కడాలు చూసినవాణ్ని. అయినా వంగి, ఒక్కొక్క తాడే చూసుకుంటూ పోయినాను. అతను మెల్లగా దాన్ని పక్కకు వాల్చి అడుగు చూపించినాడు. ఆవగింజలంత అక్షరాలతో చెక్కుకున్నాడు, తెలుగులో, "దేవదానం, కోయిలకుంట్ల."

"గాజుపెట్టె నేను చేయిస్తాలే, ఈడ పెట్టిపో" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాలో ఏ పాపమూ లేదు. నిజంగా లేదు. ఇంతమాత్రం నన్ను నమ్మండి.

రెండురోజులకు బెంగళూరు నుంచి ఒక పెద్దమనిషి స్తంభాల కోసం వచ్చినాడు. పాత వస్తువులు పోగేసేవాడు, అందులోనూ ఓడ బొమ్మలంటే ప్రాణం. బల్ల మీద ఓడను చూసి నిలబడిపోయినాడు. చుట్టూ తిరిగినాడు. కండ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ చూసినాడు. అప్పుడు అన్నాడు, "ఇది ఖచ్చితంగా దొరల చేతిపని. మన వడ్రంగులకు ఇంత ఓపిక ఎక్కడిది, ఇంత బుద్ధి ఎక్కడిది?"

నేను చెప్పాల్సిన మాట ఎంత చిన్నది! "లేదు సార్, మా దేవదానం చేసినాడు, వెనక షెడ్డులో తలుపుకు చిత్రిక పడుతున్నాడు, పిలవమంటారా?" అంతే. దేవదానం నిజంగానే వెనక షెడ్డులో ఉన్నాడు. చిత్రిక చప్పుడు వినపడుతోంది. నేను చెప్పలేదు. పైగా నా నోరు దానంతట అదే తెరుచుకుంది. కడప దగ్గర ఒక పాత దొర బంగళా కూలగొడితే ఆ సామాన్లలో దొరికిందని చెప్పినాను. రేపు పొద్దున వచ్చి తీసుకుపోతానన్నాడు ఆయన.

ఎందుకు? డబ్బుకా? డబ్బు ఇచ్చినాడు, తీసుకున్నాను. కానీ దానికోసమే అయితే నాకు ఇంత మంట ఉండేది కాదేమో. ఆ మనిషి నా వైపు చూసిన చూపు కోసం చేసినాను. అంతవరకు నేను తలుపులమ్ముకునేవాణ్ని. ఆ క్షణం నుంచి అరుదైన వస్తువు పట్టగలిగిన మనిషినైనాను. ఆ చూపు కోసం ఒకడి నాలుగేండ్లు అమ్మేసినాను.

ఆ మధ్యాహ్నం దేవదానాన్ని వేరే ఇంటికి తలుపు బిగించడానికి పంపించినాను. షట్టరు సగం దించినాను. అతను షెడ్డులో వదిలిపోయిన పెట్టెలోని ఉలే తీసినాను, అంత సన్నది నా దగ్గర లేదు కాబట్టి. ఓడను వాల్చి ఒక్కొక్క అక్షరమే గీకినాను. లోతుగా చెక్కినాడు, చాలాసేపు పట్టింది. చివరికి గరుకు ఉప్పుకాగితంతో నున్నగా చేసి, టీ డికాషను పూసి, దీపం మసి రుద్దినాను. తెరచాపలకూ డికాషను పట్టించినాను. చేతులు వణకలేదు. ఇది కూడా చెప్పాలి కదా? వణకలేదు. పని బాగా కుదిరిందని లోపల మురిసిపోయినాను కూడా.

మరుసటి పొద్దున ఆ పెద్దమనిషి ఓడను తీసుకుపోయినాడు. గాజుపెట్టె చేసేవాని దగ్గరికి పంపినానని దేవదానానికి చెప్పినాను. వారం తర్వాత అతను ఒక నీలం గుడ్డ పట్టుకొచ్చినాడు. పెట్టెలో అడుగున పరిస్తే సముద్రం మాదిరి ఉంటాదని. ఆ రోజు మా మధ్య జరిగిన మాటలు అక్షరం పొల్లుపోకుండా నాకు జ్ఞాపకం.

"గాజుపెట్టె ఈడ కంటే బెంగళూరులో బాగా చేస్తారని తలుపుల లారీలో పంపినా దేవదానం," అన్నాను. "డోన్ దాటినాక లారీ బోల్తా పడింది."

అతను మొదట అడిగింది ఓడ గురించి కాదు.

"ఎవురికన్నా దెబ్బలు తగిలినాయా అన్నా?"

"లేదు. డ్రైవరు బాగానే ఉండాడు."

"దేవుని దయ." గుడ్డను ఒక మడత పెట్టినాడు. "మరి ఓడ?"

"నుజ్జునుజ్జయింది."

"చెక్కలన్నా ఏరకరాలేదా? అతికిచ్చుకుందును కదన్నా."

"ఏరడానికి ఏముండాది. శానా పొడి అయిపోయింది."

"పొడి కాదులే అన్నా, పాత టేకు అది. చీలుతాదే గానీ పొడి కాదు. ఏ ముక్క యాడిదో చూస్తానే చెప్తా నేను. డోన్ దాటినాక యాడ పడింది?"

చెప్పాల్సి వచ్చింది. ఒక అబద్ధానికి ఊరూ మలుపూ కావాలని అప్పటిదాకా నాకు తట్టలేదు. "రైలు గేటు అవతల. మలుపులో," అన్నాను.

అతను పోయినాడు. నేను అనుకోలేదు పోతాడని. పని మానుకుని, డోన్‌లో దిగి, గేటు అవతల మలుపు నుంచి మొదలుపెట్టి రోడ్డుకు రెండుపక్కలా కంపచెట్లలో మూడురోజులు వెతికినాడు. పడుకోవడం రైల్వేస్టేషన్లో. ఎండాకాలం అది. ఎవరూ విరగ్గొట్టని ఓడకు ముక్కలు వెతుకుతూ ఒక మనిషి ముండ్లకంపల్లో వంగి వంగి నడుస్తుంటే, ఇక్కడ నేను ఫ్యాను కింద కూర్చుని ఆ పెద్దమనిషి పంపిన కొత్త గిరాకీతో మాట్లాడుతున్నాను.

నాలుగోరోజు వచ్చినాడు. ముంజేతుల నిండా ముండ్ల గీతలు. బల్ల ముందు నిలబడి మెల్లగా అన్నాడు, "ఆ మలుపులో ఈమధ్య ఏ లారీ పడలేదంట అన్నా. టీ అంగడోళ్లు చెప్పినారు. బండల లారీలోళ్లనూ అడిగినా."

అరవలేదు. నిందించలేదు. నా ముఖం చూస్తూ నిలబడినాడు. ఒక దారి ఇచ్చినాడని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ దారిన పోయి ఉంటే ఇంకా మనిషిగా మిగిలేవాణ్ని. నేను లేచి అరిచినాను.

"నన్ను అబద్ధాలోణ్ని చేస్తాండావా? నా అంగట్లో ఇత్తడి గొళ్ళేలు ఎత్తకపోయి ఫిరంగులు చేసుకున్నోడివి, నువ్వా నన్ను అడిగేది?"

షెడ్డులో పనివాళ్లు బయటికొచ్చినారు. పక్క అంగడివాళ్లు తొంగిచూసినారు. దేవదానం ఒక్కటే అన్నాడు. "అవి ఇచ్చింది మీరే కదన్నా."

నేను ఇవ్వలేదన్నాను.

అంతే. పని అయిపోయింది. చూడండి ఎంత సులభమో! ఒక్కడు కూడా నన్ను ప్రశ్నించలేదు. గొళ్ళేలు ఎప్పుడు పోయినాయి? ఎన్ని పోయినాయి? నాలుగేండ్లు పోతుంటే నువ్వేం చూస్తున్నావు? ఒక్క ప్రశ్న లేదు. ఈ నోరు అన్నది, ఆ నోరు కాదన్నది, మధ్యలో నిలబడినవాళ్లంతా మా పొలం వైపు చూసి, అతని చొక్కా వైపు చూసి తేల్చేసినారు. వాళ్ల మీద నాకు ఈరోజుకూ కోపం. నాకు ఆ కోపం పడే హక్కు లేదని తెలుసు. అయినా కోపమే. ఒక్కరు గట్టిగా అడిగి ఉంటే నా అబద్ధం ఆ బల్ల మీదే పగిలేది. నన్ను నమ్మి నన్ను చెడగొట్టినారు. చూసినారా, ఇప్పుడు కూడా నా తప్పును పదిమందికి పంచుతున్నాను. లేదు. నాదే. మొత్తం నాదే.

అతను నీలం గుడ్డ చంకలో పెట్టుకుని పోయినాడు. తన పనిముట్ల పెట్టె తీసుకుపోయినాడు. గొళ్ళేల దొంగ అనే మాట కర్నూల్లో కట్టెపని అంగళ్లన్నిటికీ, అతని ఊరి దాకా పాకింది. పాకించింది నేనే, రెండు మూడు చోట్ల అడక్కపోయినా చెప్పినాను. ఎవరూ పని ఇవ్వలేదు. ఊర్లోనే మంచాలు, నాగలి కర్రలు, చర్చివాళ్లు చనిపోతే శవపెట్టెలు చేసుకుంటూ బతికినాడని తర్వాత విన్నాను. మళ్లీ ఓడ చెయ్యలేదంట. నాలుగేండ్ల కిందట గుండె ఆగి పోయినాడు. సమాధికి నేను పోలేదు. ఏ ముఖంతో పోయేది?

ఇంకా చెప్పేది ఉంది. అసలు నాతో ఇదంతా రాయించింది పశ్చాత్తాపం అనుకుంటున్నారేమో. కాదు. కోపం.

పోయిన సంవత్సరం కర్నూల్లో ఒక పెద్ద హోటల్లో పాత వస్తువుల ప్రదర్శన పెట్టినారు. ఈ వ్యాపారంలో పెద్దవాణ్నని నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టినారు. వేదిక మీద, దీపాల కింద, గాజుపెట్టెలో దేవదానం ఓడ. కింద ఇత్తడి పలక మీద "ఒక ఆంగ్ల అధికారి స్వహస్తాలతో చేసినది" అని. చరిత్ర చెప్పే ఒక పండితుడు మైకు పట్టుకున్నాడు. కట్టెను పరీక్ష చేయించినారంట, నూరేండ్లు దాటిందంట. దాటదా మరి? నా అంగట్లో తలుపుల ముక్క అది! ఆ తర్వాత ఆయన గొంతు మార్చి చెప్పినాడు. ఈ ఎండల సీమలో, ఇంటికి దూరంగా, సముద్రం కోసం తపించిపోయిన ఒక నావికుడి గుండె ఈ ఓడలో ఉందని. ముందు వరుసలో ఒకామె కండ్లు తుడుచుకుంది. చప్పట్లు కొట్టినారు.

నాకు ఒళ్లంతా నిప్పు అంటుకుంది. చేతిపని దోచుకున్నాం, పేరు దోచుకున్నాం, అది చాలదా? ఆ మనిషి దిగులును కూడా, అసలు లేని దొరకు ఇచ్చేసినారా? సముద్రం వదిలి తల్లి కోసం మెట్ట ఊరికి వచ్చినవాడు దేవదానం. తపించినవాడు దేవదానం. పుట్టని దొర కోసం ఏడుస్తున్నారు వీళ్లు. ఆ దొరను పుట్టించింది నేను.

లేచి నిలబడినాను. "ఆ ఓడ చేసింది దొర కాదు. కోయిలకుంట్ల దేవదానం. నా అంగట్లో వడ్రంగి. అడుగున పేరు ఉండేది, నేనే గీకేసినా," అన్నాను. గట్టిగానే అన్నాను.

ఆ పండితుడు నవ్వినాడు, మర్యాదగానే. ఆధారం ఏమైనా ఉందా అన్నాడు. కట్టె వయసు సంగతి ఏమన్నాడు. తలుపు ముక్కలన్నాను. పెట్టె తెరిచి అడుగు చూపమన్నాను. చూపినారు. నున్నగా, నల్లగా, రెండు వందల ఏండ్ల మసి పట్టినట్టు ఉంది. అంత బాగా చేసినాను నేను. బెంగళూరు పెద్దమనిషి కూడా ముసలివాడైనాడు, నా దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసి, "పెద్దాయనకు వయసైంది, నీళ్లు తెప్పించండి" అన్నాడు. నీళ్లు తెచ్చినారు. నా అబద్ధాన్ని ఒక్క మాటకు నమ్మిన లోకం నా నిజాన్ని ఆధారం అడిగింది.

ఆ వారంలోనే కోయిలకుంట్ల దగ్గర దేవదానం పల్లెకు పోయినాను. దేవదానానికి ఒక్కటే కూతురు, సుగుణ. ఊర్లో అంగన్‌వాడీ టీచరు. నేనెవరో చెప్పగానే ఆమె ముఖం గట్టిపడింది. కూర్చోమనలేదు. నిలబడే మొత్తం చెప్పినాను. ఓడ గురించి చెప్పేటప్పుడు ఆమె వింటున్నట్టే లేదు. గొళ్ళేల మాట దగ్గర తలెత్తింది.

"ఓడ సంగతి అట్లుండనీ పెద్దాయనా," అంది. "మా నాయిన దొంగ కాదని నీకు తెలుసు కదా. దొంగ బిడ్డ అనిపించుకుంటా బడికి పోయినా నేను. ఆ మాట ఈ ఊరోళ్ల ముందర చెప్పు. నాకు చెప్తే ఏమొస్తాది? నాకు ముందే తెలుసు."

ఆదివారం వాళ్ల చర్చికి పోయినాను. ఆరాధన అయినాక పాస్టరు నన్ను ముందుకు పిలిచినాడు. కాగితం మీద రాసుకుని పోయినాను, నా పేరుతో, మా ఊరి పేరుతో. చదివినాను. గొళ్ళేలు నేనే ఇచ్చినానని, ఓడ నేనే అమ్మినానని, పేరు నేనే గీకినానని, లారీ లేదని. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఒక ముసలాయన మధ్యలోనే లేచి, నా వైపు చూడకుండా బయటికి పోయినాడు. ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో "అయ్యో దేవదానా" అన్నారు. క్షమించినామని ఎవరూ అనలేదు. పాస్టరు కూడా అనలేదు. సుగుణ వచ్చి నా చేతిలోని కాగితం తీసుకుంది, సంతకం ఉందో లేదో చూసింది, మడిచి బైబిల్లో పెట్టుకుంది. వెనక్కి తిరిగి తన చోటికి పోయింది. మంచిదే అయింది. ఆమె నన్ను క్షమించి ఉంటే ఆమె మీద కూడా నాకు కోపం వచ్చేది.

ఓడ ఇప్పటికీ దొర పేరు మీదే ఉంది. ఆ బెంగళూరు పెద్దమనిషికి రెండు ఉత్తరాలు రాసినాను. జవాబు లేదు. ఇంకా రాస్తాను. మీకు మాత్రం నా పేరు చెప్పడం లేదు. నా పేరు తెలియాల్సిన ఊరికి తెలిసింది. మీకు తెలియాల్సింది ఆయన పేరు.

ఆ రోజు చర్చి బయట చెప్పులు వేసుకుంటుంటే నాకు ఆకలైంది. కడుపు మండేంత ఆకలి. అట్లాంటి ఆకలి ఎన్నేండ్లకో. బస్టాండు దగ్గర చిన్న హోటల్లో సంగటి, శనక్కాయల చట్నీ పెట్టినారు. ఇంత చేసినవాడికి ఆకలేమిటని సిగ్గేసింది. అయినా తిన్నాను. ఇంకొంచెం పెట్టమని అడిగి తిన్నాను.